అందరికీ ఒకే కొలత బాణాలు

రిటైర్మెంటుకి రెండేళ్ళ ముందు, బళ్ళు తెరిచే జూన్‌లో, నన్ను కాట్రేనికోన దగ్గరి ఒక హైస్కూలుకి బదిలీ చేశారు. ఆర్డరులో నా హోదా స్కూల్ అసిస్టెంట్, వ్యాయామ విద్య. ఊళ్ళో మాత్రం డ్రిల్లు మాస్టారిని. విలువిద్యలో కోచింగ్ సర్టిఫికెట్ ఉన్న పాపానికి ఎనిమిది మంది ఆడపిల్లల జట్టు కూడా నా నెత్తినే పడింది.

విల్లు గురించి అందరూ అడుగుతారు, బాణం గురించి ఎవరూ అడగరు. ప్రమాదమంతా అక్కడే ఉంటుంది. కొత్తగా నేర్చుకునే పిల్లకి బాణం ఎంచే పద్ధతి సులువే. రెండు చేతులూ ముందుకి చాపించి అరచేతులు కలిపిస్తాం. బాణం తోకని రొమ్ముకి ఆనిస్తే, మొన వేళ్ళ చివర దాటి రెండు మూడంగుళాలు ముందుకి రావాలి. పొడుగు కాస్త ఎక్కువైతే గురి తప్పుతుంది, అంతే. పొట్టిదైతే మాత్రం నారి పూర్తిగా లాగినప్పుడు మొన విల్లు వెనక్కి జారిపోతుంది. అప్పుడు వదిలితే, విల్లు పట్టుకున్న చేతిలోనే దిగుతుంది.

మా జట్టుకి కొత్త బాణాలు ఇస్తానన్నది కొబ్బరి వ్యాపారం చేసే సుబ్బరాజుగారు. ఆయన మనవరాలు లాస్య, ఆరో తరగతి, జట్టులో అందరికంటే చిన్నది. అందరికంటే పొడుగు తొమ్మిదో తరగతి నాగదుర్గ. వాళ్ళ నాన్న సముద్రం మీద వేటకి వెళ్తాడు.

ఇచ్చే రోజున షామియానా, మైకు, మండలం పెద్దలు, అన్నీ అమరాయి. పెట్టె విప్పి చూస్తే బాణాలన్నీ ఒకే పొడుగు. దుకాణంవాడు వద్దంటున్నా లాస్య చేతి కొలతకే అన్నీ కోయించారట. సుబ్బరాజుగారిని పక్కకి పిలిచి ఇదేమిటండీ అని అడిగాను. ఆయన నాకేసి అదోలా చూశారు.

“ఒకే బంతిలో కూచోబెట్టి ఒకరికి పెద్ద లడ్డూ, ఒకరికి చిన్న లడ్డూ వడ్డిస్తామాండీ? మనవరాలికి వేరేగా ఇచ్చేరని రేపు ఊరంతా అనరూ?” అన్నారు. పంక్తిభేదం మహాపాపమని నమ్మిన మనిషి.

ఈలోగా నాగదుర్గ కొత్త బాణం నారికి తగిలించబోతోంది. పరుగున వెళ్ళి బాణం తీసేసుకుని, విల్లు కింద పెట్టించాను. అయితే పెద్దమనిషిని నలుగురిలో కాదనడం మా వైపు మర్యాద కాదు. అందుకని మైకు పట్టుకుని, మొదటి బాణం దాతగారే వేస్తారని ప్రకటించాను.

చప్పట్ల మధ్య ఆయన కండువా సర్దుకుంటూ వచ్చారు. ముందు కొలత చూడటం రూలండీ అని చేతులు చాపించి, బాణం తోక రొమ్ముకి ఆనించాను. మొన మణికట్టు దగ్గరే ఆగిపోయింది. లాగి వదిలితే ఎక్కడ దిగుతుందంటారని మెల్లిగా అడిగాను. ఆయన తన నాలుగు ఉంగరాల చేతికేసి చూసుకున్నారు. తర్వాత నాగదుర్గకేసి చూశారు.

మైకు నా చేతిలోంచి ఆయనే అందుకుని, లాస్య తప్ప ఈ బాణాలు ఎవరూ ముట్టుకోకూడదన్నారు. భేదం రాకూడదని అంత చేసిన మనిషి చివరికి వడ్డించింది ఒక్క మనవరాలికే. నవ్వు ఆపుకోలేక, గురి బోర్డు సర్దే వంకతో నేను గ్రౌండు చివరికి వెళ్ళిపోయాను. వారం తిరక్కుండా మిగతా ఏడుగురికీ ఎవరి చేతి కొలతకి వాళ్ళకి, ఎదిగే వయసని ఇంకాస్త కలిపి, కొత్తవి తెప్పించారు.

ఈ కథ తోటి మాస్టార్లకి చాలాసార్లు చెప్పి నవ్వించాను, ఒక్క ముక్క దాచి. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అన్నానికి కూచోగానే గుర్తొచ్చింది. బాణాలు కొనేముందు సుబ్బరాజుగారు నాకు ఫోన్ చేసి, అందరికీ ఒకే కొలత కోయిస్తున్నాను, పరవాలేదా అని అడిగారు. అప్పుడూ ముద్ద నోట్లోనే ఉంది, విన్నది సగమే. “ఆయ్, అలాగే కానివ్వండి” అన్నాను. ఆయన ఆ సంగతి ఆ రోజు మైకులో అనలేదు, తర్వాతా ఎవరితోనూ అనలేదు.

పిల్లల చేతులు కొలవకుండా బాణాలకి ఒప్పుకున్న కోచ్‌కి, దాత చేతులు నలుగురిలో కొలిచే హక్కు లేదు.