ఫోటో లేని పిట్ట

ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా పనిచేశాను. టికెట్ లేకపోతే సొంత బావమరిదినైనా దించేస్తానని అనేవాణ్ణి. ఒకసారి నిజంగానే దించేశాను, మా ఆవిడ రెండు రోజులు నాకు అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నాది డ్యూటీతో వచ్చిన బుద్ధే, అయినా రిటైరయ్యాక కూడా పోలేదు. దానివల్ల ఒక మంచి మనిషిని పోగొట్టుకున్నాను.

తాడిపత్రి రూటులో ఉన్నప్పుడు బస్సు బుక్కరాయసముద్రం చెరువు పక్కగా పోయేది. మా దిక్కున నీళ్ళు కనిపిస్తేనే మనుషులు తల తిప్పి చూస్తారు, ఇక నీళ్ళ మీద పిట్టలు కూడా ఉంటే చెప్పేదేముంది! వానలు పడిన ఏడాది చిల్లర లెక్కపెడుతూనే కిటికీలోంచి కొంగల్ని చూసేవాణ్ణి. రిటైరయ్యాక బైనాక్యులర్ కొన్నాను. ఫోన్‌లో పిట్టలు చూసేవాళ్ళ గ్రూపు ఒకటి ఉందంటే చేరాను. ఏడాది తిరక్కుండానే దానికి అడ్మిన్‌నయ్యాను.

మా గ్రూపుకు ఒక జాబితా ఉండేది. చెరువులో కొత్త పిట్ట ఏది కనిపించినా అందులో రాసి, పక్కన మొదట చూసినవాళ్ళ పేరు పెట్టేవాళ్ళం. ఒకాయన ఇప్పుడెక్కడా కనిపించని బట్టమేక పిట్టను చూశానని పెడితే రెండు కార్ల జనం ఎండలో పడి పోయి వెతికారు. తీరా చూస్తే అది నెమలి పెట్ట. ఆ రోజే నేనొక రూలు పెట్టాను, ఫోటో లేనిదే పిట్ట లేదని. అందరూ భేష్ అన్నారు.

గ్రూపులో ఫోటోలు పెట్టని మనిషి ఒక్కడే ఉండేవాడు. ఉరవకొండ దిక్కున గొర్రెలు కాసుకునేవాడు, నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న. పుట్టపర్తిలో ఉండే లెక్చరరమ్మ ఒకావిడ అతన్ని చేర్చింది. అతని పాత ఫోన్ కెమెరాలో పిట్ట మచ్చలాగా కూడా పడేది కాదు. అందుకని తెల్లారగానే పిట్టల కూతలు రికార్డు చేసి పంపేవాడు. "అన్నా, తెల్లారింది, ఇది ఇను" అనేవాడు. తర్వాత కౌజుపిట్ట కూతో, తీతువు అరుపో వినిపించేది. చివర నన్ను ఆటపట్టిస్తూ "రైట్ రైట్" అని ముగించేవాడు. ఆ మాట వింటేగానీ నేను కాఫీ తాగేవాణ్ణి కాదు. ముఖం చూడకుండానే ఇద్దరం అంత దగ్గరయ్యాం.

ఆ చలికాలం అతను మందను చెరువు కింది మళ్ళకు తోలుకొచ్చాడు. ఎరువు కోసం రైతులు గొర్రెల్ని రాత్రిళ్ళు పొలంలో ఉంచుకుంటారు. ఒక తెల్లవారుజామున చెరువు అంచున జమ్ము గడ్డిలోంచి, తానెప్పుడూ వినని కూత ఒకటి విన్నానని పంపాడు. పెట్టి విన్నాను. గాలి తప్ప ఏమీ లేదు. మళ్ళీ విన్నాను, అదే గాలి. "గాలిని కూడా పిట్టగా రాసుకుంటే మన జాబితా ఎప్పుడో నిండిపోయేదప్పా" అని గ్రూపులో పెట్టాను. అందరూ నవ్వుల బొమ్మలు పెట్టారు. లెక్చరరమ్మ మాత్రం "కీచురాయి లాంటి చప్పుడేదో ఉంది సార్" అని రాసింది. రూలు రూలేనమ్మా అన్నాను.

దానికి అతను నాకొక్కడికే జవాబు పంపాడు. "అన్నా, ఇన్ని కూతలు పంపినా, ఒక్కదాన్ని రాయమని అడగల్యా. ఇదొక్కటి నా పేరు మీద ఉండనీ. మీరంతా ఒకపొద్దు రాండి, ఈడనే ఉండాది, ఇనిపిస్తా."

ఒక ఆదివారం పొద్దున ఐదుగురం చెరువుకట్ట మీద కలిశాం. లెక్చరరమ్మ, పొడుగు లెన్సు కెమెరాతో బ్యాంకాయన ఒకరు, ఆయన భార్య, నేను, ఇతను. ఇతని భుజాన తువ్వాలు, చేతిలో సద్దిమూట. గొర్రెల్ని భార్యకు అప్పజెప్పి వచ్చానన్నాడు. నేను నోరు తెరిచీ తెరవగానే గుర్తుపట్టాడు. "నువ్వు మాట్లాడ్తాంటే బస్సు స్టార్టు చేసినట్టుంటాదన్నా. పిట్టలు కర్నాటకకు లేచిపోతాయి, కొంచెం మెల్లగా" అన్నాడు. అందరం నవ్వాం. నా గొంతు ఎందుకంత పెరిగిందో నేను ఆలోచించుకోలేదు.

నీళ్ళ మీద నామాలకోళ్ళు, బాతులు, కొంచెం అవతల తుమ్మచెట్ల మీద ఎర్రకాళ్ళ కొంగలు. మిగతావాళ్ళు వాటి ఫోటోల్లో మునిగిపోయారు. రూలు పెట్టినవాణ్ణి నేనే కాబట్టి తీర్పు కూడా నేనే చెప్పాలని, ఇతనితో కలిసి జమ్ము దగ్గరికి దిగాను. నేను ముందు, అతను వెనక. ఉన్నట్టుండి నా కాలు మోకాటి దాకా బురదలోకి దిగింది. అతను నా రెక్క పట్టుకుని లాగాడు.

"రెండుసార్లు చెప్పినానే, బురద ఉండాదని."

"చూసుకోలేదులే" అన్నాను. అతను నా ముఖం వంక ఒక క్షణం చూసి ఊరుకున్నాడు.

జమ్ము పక్కన నిలబడ్డాం. కాసేపటికి అతను చెయ్యెత్తాడు. ముఖం విప్పారింది. "ఇన్నావా అన్నా?" అని పెదాలు కదిలించాడు. నాకు ఏమీ వినిపించలేదు. జమ్ము ఊగుతోంది, అంతే. "అదో, మళ్ళీ" అన్నాడు. తల కొంచెం ఎడమకు తిప్పాడు, ఆగాడు, మళ్ళీ తిప్పాడు. ఆ తల తిరగడం చూస్తున్నాను నేను. అక్కడేదో చప్పుడు ఉంది, అది ఇతనికి అందుతోంది, నాకు అందడం లేదు. ఈ సంగతి నాకు అక్కడే, ఆ నిమిషమే తెలిసిపోయింది. ఏడాదిగా కుక్కర్ విజిళ్ళు వినబడక ఇంట్లో పప్పు మాడుతుంటే కుక్కరే పాడైందని వాదిస్తున్నవాణ్ణి నేను.

నాకు వినపడలేదప్పా అంటే సరిపోయేది. నాలుగు ముక్కలు కూడా కాదు. జాబితా రాసేవాడికి చెవులు లేవని నలుగురికీ తెలుస్తుందని సిగ్గేసింది.

"ఆడ ఏమీ లేదప్పా. గాలి" అన్నాను.

అతను వాదించలేదు. నేనింకేమైనా అంటానేమోనని కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత తువ్వాలు దులిపి భుజాన వేసుకుని "సరేన్నా" అన్నాడు.

కట్ట మీదికి రాగానే లెక్చరరమ్మ, ఏమైంది సార్, మేమూ పోయి విందామా అంది. అప్పుడైనా వాళ్ళను పోనిచ్చి ఉండొచ్చు. వాళ్ళ చెవులు బాగానే ఉన్నాయి. పోనిస్తే నా బండారం బయటపడుతుందని నాకు తెలుసు. "వద్దమ్మా, అంతా బురద, ఎండ కూడా ఎక్కింది, ఉత్త గాలే" అన్నాను. బ్యాంకాయన టిఫిన్ సంగతి ఎత్తాడు. ఇతను సద్దిమూట విప్పి జొన్నరొట్టెలు, ఊరుబిండి మా ముందు పెట్టాడు. గొర్రెలు చూసుకోవాలని చెప్పి, తను ఒక్క ముక్క కూడా తినకుండా కట్ట దిగి వెళ్ళిపోయాడు. నేను రెండు రొట్టెలు తిన్నాను. బాగున్నాయని కూడా అన్నాను.

ఆ సాయంత్రం గ్రూపు తెరిస్తే అతను గ్రూపులోంచి వెళ్ళిపోయినట్టు కనిపించింది. రోషం ఎక్కువలే అనుకుని నన్ను నేను సముదాయించుకున్నాను. మర్నాడు తెల్లవారి ఫోన్ మోగలేదు, ఆ తర్వాతా మోగలేదు. కాఫీ మాత్రం తాగుతూనే ఉన్నాను.

ఎండాకాలంలో మా ఆవిడ విసిగిపోయింది. "నీతో మాట్లాడేది చెవిటోని ముందర శంఖం ఊదినట్టే ఉండాది" అని చెయ్యి పట్టుకుని చెవుల డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. సన్నటి చప్పుళ్ళు పోయి చాలా ఏళ్ళయి ఉంటుందన్నాడాయన. ఏం ఉద్యోగం అని అడిగి, చెబితే నవ్వాడు. ఇంజను మోత సరే, నోట్లో విజిల్ పెట్టుకుని మీ చెవిలో మీరే ఊదుకున్నారు కదా అన్నాడు. మిషన్ పెట్టించుకుని బయటికి రాగానే నా చెప్పుల చప్పుడు నాకే కొత్తగా వినిపించింది.

అప్పుడే అతనికి ఫోన్ చెయ్యాల్సింది. ముందు ఆ పిట్టను వినాలి, విన్నాకే చెప్పాలి, లేకపోతే ఏ ముఖంతో మాట్లాడతాను అనుకున్నాను. అది ఉత్త సాకు. ఆ సాకుతోనే ఆరు నెలలు నెట్టేశాను.

మళ్ళీ చలికాలం వచ్చింది. చెరువులో నీళ్ళున్నాయి. ఒక్కణ్ణే పోయి, బురద తప్పించుకుని, అదే చోట నిలబడ్డాను. పొద్దు పొడిచేవేళ జమ్ము లోపల మొదలైంది. ఆగకుండా, సన్నగా, పక్కింట్లో ఎవరో కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు. నా తల దానంతటదే ఎడమకు తిరిగింది. అతని తల తిరిగినట్టే. నేను ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

అక్కడినుంచే గ్రూపులో పెట్టాను. పోయినసారి అతను చెప్పింది నిజమే, పిట్ట ఉంది, నేను విన్నాను, అతని పేరుతో జాబితాలో రాద్దాం అని. కాసేపటికి బ్యాంకాయన జవాబిచ్చాడు. "సంతోషం సార్. ఫోటో దొరికిందా? రూలు మీదే కదా." కింద రెండు దండాల బొమ్మలు. ఎగతాళి కాదు, ఆయన మర్యాదస్తుడు. నేను ఆ మాటనే చూస్తూ కూర్చున్నాను.

తర్వాత అతనికి ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తాడు. వెనక గొర్రెల అరుపులు వినిపించాయి. నా చెవుల సంగతి చెప్పాను, ఆ రోజు నేను అన్నది అబద్ధమని చెప్పాను, తప్పైపోయిందప్పా అన్నాను.

"నీకు ఇనపడదని ఆపొద్దే తెల్సన్నా" అన్నాడు. "బురదలో కాలు పెట్నప్పుడే. నువ్వే చెప్తావేమోనని నిలబడినా."

మళ్ళీ గ్రూపులోకి రమ్మన్నాను. వద్దులేన్నా, ఇప్పుడు ఆ కూతలు పంపే పని మానుకున్నా అన్నాడు. "ఒక్క నిమిషం ఉండు, ఇది ఇను" అని ఫోన్‌ను జమ్ము వైపు చాచి పట్టుకున్నాను. పిట్ట ఆపకుండా కూస్తూనే ఉంది. చెయ్యి నొప్పి పుట్టేదాకా అలాగే పట్టుకుని, తిరిగి చెవి దగ్గర పెట్టుకుని "ఇన్నావా?" అని అడిగాను.

"నాకు ఇనపడ్లేదన్నా. ఫోన్లో గాలే వస్తాండాది" అన్నాడు.

అతను అక్కడితో ఆగలేదు.

"నువ్వు ఇన్నావు కదా. అయితే ఉండాదిలే" అని ఫోన్ పెట్టేశాడు. రైట్ రైట్ అనలేదు.