ఉత్తరపు గోడ, పద్దెనిమిది అంగుళాలు

1957 ఏప్రిల్ 21, ఆదివారం, ఉదయం ఏడుగంటల ఇరవై నిమిషాలు. ఆకాశంలో మబ్బు లేదు. గాలి పొడిగా వీస్తున్నది. ఆళ్లగడ్డలో కడుతున్న మా ఇంటి ద్వారబంధాన్ని ఉక్కు టేపుతో కొలిచి, కాగితం మీద అంకెలు వేసుకుంటున్నాను. ఆ రోజుల్లో నేను నంద్యాలలో భూముల కొలతల కచేరీలో గుమాస్తాను. ప్రతి శనివారం సాయంత్రం బస్సులో ఆళ్లగడ్డకు వచ్చి, ఆదివారమంతా పని చూసుకుని, సోమవారం తెల్లవారి బస్సుకు తిరిగి పోయేవాణ్ణి.

మా స్థలానికి ఉత్తరాన, పన్నెండు అడుగుల సందు దాటితే మరొక ఇల్లు లేస్తూ ఉండేది. దానిని కడుతున్న రైతుకు ముప్పై అయిదేళ్లుంటాయి. తల్లి లేని అతన్ని పెంచింది వాళ్ల అక్క. ఆమెకు ఉబ్బసం. స్థలం వెనుక వేసుకున్న బోదగడ్డి కప్పు కొట్టంలో ఇద్దరూ ఉండేవారు. అంతకుముందటి వానాకాలంలో ఆ కొట్టం చెమ్మకు ఆమె పడుకోలేక గుంజకు ఆనుకుని కూర్చునే కాలం వెళ్లదీసింది. ఈసారి వానలకు ముందే మిద్దె కింద పడుకోబెడతానని తమ్ముడు మాటిచ్చాడు. గోడలు ఏడడుగులు లేచాయి. మే 12 నాటికి దూలాలెత్తి, బండలు పరిచి, పైన చవుడు మట్టి తొక్కించి కప్పు పూర్తి చేస్తానని మేస్త్రి ఒప్పుకున్నాడు. ఆ వారం మాత్రం అతడు తన ఇంటి పెండ్లికి రుద్రవరం పోయి ఉన్నాడు.

"అన్నా, ఆ టేపుతో మా గోడలు గూడ ఒకసారి చూడు" అన్నాడు రైతు.

కొలిచాను. లోపలి పొడవు ఇరవైరెండు అడుగుల ఎనిమిది అంగుళాలు. వెడల్పు సరిగ్గా పన్నెండు అడుగులు. గోడవెంట టేపు జరుపుతూ పోతుంటే కొట్టం ముందు కూర్చున్న అక్క నవ్వింది.

"ఏందప్పా, గోడకు గూడ జబ్బు చేసిందా? నాడి పట్టుకోని చూస్తాండావ్!"

"నీ మాదిరి దగ్గుతాందేమో చూస్తాండాడులేక్కా" అన్నాడు తమ్ముడు. ఆ తరువాత నాతో, "ఆయం గూడ చూడన్నా. మేస్త్రి ధ్వజాయం అని చెప్పిపాయ" అన్నాడు.

ఆయం చూడడానికి ఇంటి యజమాని మూరతో పొడవు వెడల్పులు కొలిచి, గుణించి, ఎనిమిదితో భాగిస్తారు. శేషం బేసి అయితే మంచిది, సరి అయితే చెడు, ఏమీ మిగలకపోతే కాకాయం, అది మరీ చెడు. శాస్త్రం నాకు తెలియదు, గుణకారం తెలుసు. అతని చెయ్యి చాపించి, మోచేతి నుంచి నడిమి వేలి కొనదాకా కొలిచాను. పద్దెనిమిది అంగుళాలు. ఆ లెక్కన పొడవు పదిహేను మూరలు, పైన రెండంగుళాలు. ఆ రెండంగుళాలు పూతలో పోతాయని వదిలేశాను. వెడల్పు ఎనిమిది మూరలు. పదిహేను ఎనిమిదులు నూట ఇరవై. ఎనిమిదితో భాగిస్తే శేషం సున్న.

"కాకాయం" అన్నాను.

అతడు తన చేతి వంక చూసుకున్నాడు. "సరిగ్గా చూసినావా అన్నా?"

"లెక్క తప్పదు. ఉత్తరం గోడ ఒక మూర బయటికి జరిపితే వెడల్పు తొమ్మిది మూరలయితాది, శేషం ఏడు, గజాయం వస్తాది."

మేస్త్రి వచ్చేదాకా ఆగమని ఆ మాట వెంట నేను చేర్చి ఉండవలసింది. చేర్చలేదు.

మరునాడు సోమవారం అతడు ఇద్దరు కూలీలను పెట్టి ఉత్తరపు గోడను, దానితో పాటు రెండు మూలలను విప్పించాడు. ఏప్రిల్ 27, శనివారం నేను తిరిగి వచ్చేసరికి పాత పునాది రాళ్లు కూడా పెళ్లగించి, పద్దెనిమిది అంగుళాల అవతల కొత్త పునాది వేసి, దాని మీద రెండడుగుల గోడ లేపారు. మంచి వేగం అనుకున్నాను.

ఆదివారం తొమ్మిదింటికి మేస్త్రి వచ్చాడు. సంచి భుజాన్నే ఉంది. స్థలం మధ్య నిలబడి నలువైపులా చూశాడు.

"ఈడ గోడ యాడికి పాయనప్పా?"

రైతు జరిగింది చెప్పాడు. మేస్త్రి నా వైపు తిరిగాడు.

"ఏ వేలి దాకా కొలిచినారు సార్?"

"నడిమి వేలి దాకా."

"అది గుడ్డలు కొల్చే మూర సార్, పూలు కొల్చే మూర. ఇల్లు కొల్చేది చిటికెన వేలి దాకా. మా నాయనా అంతే కొల్చె, మా తాతా అంతే కొల్చె."

సంచిలోంచి ఒక కర్ర తీసి నా చేతికిచ్చాడు. పునాది నాడు రైతు చేతికి సరిగా కోసి ఉంచుకున్న కర్ర అది. టేపు పెట్టి చూశాను. పదహారు అంగుళాలు. ఇరవైరెండు అడుగుల ఎనిమిది అంగుళాలలో పదహారు అంగుళాలు పదిహేడు సార్లు పడతాయి, అంగుళం కూడా మిగలదు. పన్నెండు అడుగులలో తొమ్మిది సార్లు. పదిహేడు తొమ్మిదులు నూట యాభై మూడు. శేషం ఒకటి, ధ్వజాయం. పూతలో పోతాయని నేను వదిలేసిన రెండంగుళాలు అసలు లేనే లేవు. అవి నా తప్పు చూపించడానికి మిగిలినవి, నేనే చూడలేదు. కొత్త గోడ నిలబడితే మేస్త్రి లెక్కన వెడల్పు పది మూరలై, శేషం రెండు, ధూమాయం. కనుక అది పడాలి, పాతది లేవాలి.

"తప్పు నాది" అన్నాను.

"చెయ్యి చాపింది నేనే గదన్నా" అన్నాడు రైతు.

అక్క నవ్వబోయింది, దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక, "ఏం గాదులేరా. మనింటి గోడ అహోబిలం తిరునాళ్లకు పోయొచ్చిందనుకో" అంది.

మే 12 నాటికి పాత చోటనే పునాది మళ్లీ వేసి, గోడ మూడడుగులు లేపారు. మరునాటి నుంచి మేస్త్రి కొత్తపల్లెలో ఇంకొకరి ఇంటికి మాటిచ్చి ఉన్నాడు. నాలుగు వారాల పని. మా ఇల్లు కడుతున్న మేస్త్రిని పంపుతానన్నాను. ఒక మేస్త్రి ఎత్తిన గోడమీద, అతను ఆ పని వదులుకునేదాకా మరొక మేస్త్రి రాయి పెట్టడు. మా మేస్త్రి సందు దాటి రానన్నాడు.

జూన్ 6, గురువారం మేము కొత్త ఇంట్లో పాలు పొంగించాము. ఆ మధ్యాహ్నం మొదటి వాన పడింది. నేను కొట్టం దగ్గరికి పోయాను.

"అక్కా, మా ముందర గది ఖాళీగా ఉండాది. మీ కప్పు అయ్యేదాకా వచ్చి ఆడ పండుకో."

ఊపిరి కూడగట్టుకుని ఆమె జవాబు చెప్పింది. "నేనొచ్చి నీ ఇంట్లో పండుకుంటే ఊర్లో ఏమంటారప్పా? తమ్ముడు కప్పెయ్యలేకపాయ, అక్క పక్కింటికి చేరె అంటారు. వాడు మాటిచ్చినాడు. ఇంగ నెల రోజులు కూర్చోలేనా?"

మా ఇంటి ఆడవాళ్లు అడిగినా అదే జవాబు.

జూన్ 10న మేస్త్రి తిరిగి వచ్చాడు. ప్రతి ఆదివారం ఆమె నన్ను పిలిచి గోడ కొలిపించేది. జూన్ 16న అయిదడుగుల రెండంగుళాలు. జూన్ 23న తొమ్మిది అడుగులు, అంటే గోడ పూర్తి. మట్టి అడుసు ఆరితే గాని దూలాలెత్తకూడదు. రుద్రవరం అడవి నుంచి తెచ్చిన దూలాలు సందులో తడుస్తూ పడి ఉన్నాయి. వానలు తెరిపి ఇవ్వలేదు. "తొమ్మిదంటే చాలా ఎత్తేనప్పా" అంది ఆమె, గుంజకు ఆనుకునే.

జూన్ 29, శనివారం సాయంత్రం ఆరు నలభైకి నేను బస్సు దిగాను. సన్నగా వాన పడుతోంది. కొట్టం ముందర గుంజ దగ్గర ఎవరూ లేరు. రైతు దూలాల మీద గోనెపట్ట కప్పుకుని కూర్చుని ఉన్నాడు.

"బుధవారం అన్నా. నాలుగ్గంటలకు" అన్నాడు. గోనెపట్ట ముందుకు లాక్కుని, "ఇంటి పని యాడికొచ్చిందో నిన్ను అడగమనింది. నువ్వు నంద్యాలలో ఉండావంటిని. అయితే శనివారం అడుగుదాంలే అనింది" అన్నాడు.

నేను అతని పక్కన దూలం మీద కూర్చున్నాను. అతడు నన్ను నిందించి ఉంటే మోయడానికి ఏదో ఒకటి ఉండేది. 1960లో నాకు బదిలీ అయ్యేదాకా మూడేళ్లు పక్కపక్కనే ఉన్నాము. ఒక్కనాడూ నిందించలేదు.

జూలై 21, ఆదివారం ఆ ఇంటికి కప్పు పూర్తయింది. మేస్త్రి మొదట చెప్పిన రోజు మే 12. ఆలస్యం డెబ్భై రోజులు. మే 12 నుంచి ఆమె పోయిన జూన్ 26 దాకా నలభై అయిదు రోజులు. నేను టేపు తీయకపోయి ఉంటే, ఆ నలభై అయిదు రోజులూ ఆమె మిద్దె కింద ఉండేది. ఉంటే బతికేదా అన్న ప్రశ్నకు నా దగ్గర అంకె లేదు. ఆ కప్పు కింద ఆమె పడుకున్న రోజులు ఎన్ని అంటే, ఒక్కటీ లేదు.