నేను మింగని మాత్రలు

ఆరేళ్లుగా ఒక మనిషిని గుండె మీద మోస్తున్నాను. మూడేళ్లని రాసి కొట్టేశాను. ఇక్కడ కూడా కోత పెట్టబోయాను చూడండి! మూరెడు చేపను బారెడని చెప్పుకుంటూ బతికినవాణ్ణి. నా అబద్ధాలకు ఊరంతా నవ్వేది. ఈ ఒక్కటి ఎవరికీ తెలియదు.

నాకూ మస్తాన్‌కూ కీళ్లవాతం. అతను కొడవలూరులో దర్జీ, నాకంటే పదేళ్లు చిన్న. మూడు మందులు కలిపి ఇస్తే ఈ జబ్బు ఎంత లొంగుతుందో నెల్లూరులో ఒక ఆసుపత్రివాళ్లు పరీక్షిస్తున్నారంటే ఇద్దరం చేరాం. నెలకోసారి వెళ్లి రక్తం ఇవ్వాలి, మింగిన మాత్రల ఖాళీ అట్టలు అప్పగించాలి. నోరు పూసినా, జ్వరమొచ్చినా మాత్రలు ఆపి వెంటనే ఫోన్ చేయమని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది.

రెండో వారానికే నాకు వికారం పుట్టింది. మానేశాను. మాత్రలు ఒలిచి పంటకాలువలో వేసి, ఖాళీ అట్టలు భద్రంగా తీసుకెళ్లి ఇచ్చేవాణ్ణి. గూడూరులో ఒకాయన ఇచ్చే పొడి తిన్నాను. అందులో ఏం కలిపేవాడో గానీ నొప్పి చేత్తో తీసేసినట్టు పోయేది. ఆ గొప్పంతా పరీక్ష మందులదేనని ఆసుపత్రి బెంచీ మీద అందరికీ చెప్పాను. తాటిచెట్టు ఎక్కానన్నాను. ఎందుకు? పరీక్ష నుంచి తీసేస్తారన్న భయమా? కాదు. వాళ్లు కళ్లింతలు చేసుకుని వింటుంటే బాగుండేది. అంతే.

ఒకరోజు మస్తాన్ మా ఇంటికొచ్చాడు. పెదవులు పగిలి ఉన్నాయి.

"నోరంతా పూసిందన్నా. మజ్జిగ కూడా దిగడంలే. డాక్టరమ్మకు ఫోన్ చేస్తా."

"గమ్మునుండరా! చేసినావంటే నిన్ను తీసేస్తారు. నేనూ అయ్యే మింగతా ఉండా గదా? పొద్దున్నే ఎర్రకారం దోసెలు నాలుగు లాగించినా!"

"నీ ఒళ్లు ఇనుమన్నా."

"నీదీ అవతాదిలే. పది దినాలు ఓర్చుకో."

ఓర్చుకున్నాడు. కత్తెర పట్టే వేళ్లు మళ్లీ చెప్పినట్టు వింటాయన్న ఆశతో, నా మాట మీద, మాత్రలు ఆపకుండా ఓర్చుకున్నాడు. తొమ్మిదో రోజు ఒళ్లు కాలిపోతుంటే ఆసుపత్రిలో చేర్చారు. రక్తంలో తెల్లకణాలు దాదాపు లేవన్నారు. రెండు రోజుల్లో పోయాడు.

ఆ వారమే డాక్టరమ్మ నన్ను పిలిపించింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మాత్రలన్నీ వేసుకుంటున్నారా? నోరు పూయలేదా? మిగతావాళ్ల కోసం అడుగుతున్నాను, నిజం చెప్పండి" అంది. చెప్పడానికే వెళ్లాను. కానీ, "ఒక్కటీ మానలేదమ్మా, నాకేం కాలేదు" అన్న మాట వినపడింది. ఎవరన్నారది? నేనే. శవం లేచిన వారంలోనే అలా అనగలిగినవాడు నాలో ఉన్నాడని అప్పుడే తెలిసింది. ఆమె రాసుకుంది. ఆ కాగితం ఇంకా ఎక్కడో ఉంది. దాన్ని నమ్మి ఎవరెవరికి ఏం ఇస్తున్నారో!

రంజాన్‌కు మస్తాన్ భార్య సేమియా పంపుతుంది. "ఆయనకు మీ మాటంటే ఎంత గురో అన్నా" అంటుంది. తింటున్నాను. ఆరేళ్లుగా తింటున్నాను.

మందులు చంపాయని అందరూ అంటారు. అప్పుడే ఆపి ఉంటే బతికేవాడేమో. ఆపనివ్వనిది నేను. క్షమించమని అడగడం లేదు. అడగాల్సింది మిమ్మల్ని కాదు. కానీ ఆపనివ్వనిది నేనన్న ఆ వాక్యం ఇప్పుడు నా లోపల లేదు. ఇదిగో, కాగితం మీద ఉంది.