ఆయప్పా, నేనూ, చీనీ చెట్లూ

పొద్దున్నే చేనికి పోగానే గట్టు మీద చెప్పులు విడిచి, చీనీ, అంటే బత్తాయి, చెట్ల మధ్యకు పోయి పలకరిస్తాను. "ఏమప్పా, లేసినావా?" అంటాను. అంతే నా పూజ. దండం పెట్టను, కళ్లు మూసుకోను. చేన్లో కళ్లు మూసుకుంటే కాళ్ల దగ్గర ఏం పాకుతోందో ఎవరు చూస్తారు? పలకరించాక పనిలో పడతాను. డ్రిప్పు పైపుకు ఎక్కడ మట్టి అడ్డం పడిందో చూస్తూ, పాదుల్లో గడ్డి పీకుతూ, ఇంట్లో సంగతులన్నీ చెప్పుకుంటూ పోతాను. జవాబు రాదు. రాకపోయినా వింటున్నాడని నా నమ్మకం.

నేను పలకరించేది దేవుణ్ణే. ఆయనకు నేను పేరు పెట్టలేదు. మా కడప పల్లెల్లో పెద్దమనిషి ఎవరినైనా ఆయప్ప అంటాం. నేనూ అట్లే అంటాను.

ఇది నాకు ఎవరూ నేర్పలేదు. మూడో తరగతి సగంలో బడి మాన్పించి, మా నాయన నన్ను జొన్నచేనికి కాపలా పెట్టాడు. మంచె మీద కూర్చొని వడిసెలతో రాళ్లు విసిరి చిలకలను తోలాలి. పొద్దంతా ఒక్కదాన్నే. గాలికి జొన్నాకులు గరగరమంటే వెనక ఎవరో వస్తున్నట్టే ఉండేది. భయం పోవాలని గట్టిగా మాట్లాడడం మొదలుపెట్టాను. కొన్నాళ్లకు భయం పోయింది, మాట మాత్రం నిలిచింది. ఒకరోజు సద్ది తెచ్చిన నాయన మంచె కింద నిలబడి విన్నాడు.

"ఎవరితో మాట్లాడతాండావే?"

"ఆయప్పతో."

"ఏ ఆయప్ప?"

"ఈడుండే ఆయప్ప."

నాయన చుట్టూ చూశాడు. "సరే, ఆయప్పను గూడా రెండు రాళ్లు ఇసరమను. ఊరికే కూసుంటే ఎట్లా?" అని సద్దిమూట పైకి అందించి పోయాడు. తిట్టలేదు, నవ్వలేదు. దేవుడు కూడా పనిచేయాలన్న లెక్క నాకు ఆ రోజే కుదిరింది.

గుళ్లకు పోలేదని కాదు. మహానందికి పోయాను. కోనేటి అడుగున గులకరాళ్లు కనబడేంత తేటగా ఉన్న ఆ నీళ్లు చూసి, "ఇన్ని నీళ్లు ఈడ పెట్టుకొని మా చేను మరిచిపోయినావా అప్పా?" అని అడిగేసి వచ్చాను. మా కోడలిది తాతల కాలం నుంచి చర్చికి పోయే కుటుంబం. ఆమెతో పాటు పండగకు చర్చికీ పోయాను. పాటలు బాగుంటాయి. పుస్తకం తీసి చదవడం మొదలుపెడితే మాత్రం నాకు నిద్ర వస్తుంది. గుళ్లో మంత్రాలకూ అంతే. తప్పు పుస్తకాలది కాదు, నా చదువు అంతవరకే. ఇంట్లో ఒక గోడకు కొడుకు తగిలించిన పటాలు, ఎదురు గోడకు కోడలి శిలువ. రెండూ తుడిచేది నేనే. దుమ్ము రెండింటి మీదా ఒకే తీరుగా పడుతుంది.

మొన్నటి ఎండాకాలం బోరులో నీళ్లు పడిపోయాయి. మోటరు వేస్తే కాసేపు సన్నగా పోసి, తర్వాత గాలి కక్కేది. చెట్ల ఆకులు మధ్యాహ్నానికి దొన్నెల్లాగా ముడుచుకుపోతున్నాయి. ఆ చీనీ తోట నా పెనిమిటి నాటింది. మొదటి ఎండాకాలం బిందెలతో మోసి ఒక్కో చెట్టుకూ నీళ్లు పోశాడు. ఆయన పోయాక ఆ తోటే ఇంటిని నిలబెట్టింది. అది ఎండిపోతే మాకు ఇంకొకటి లేదు.

నా కొడుకు ఇంకో బోరు వేద్దామన్నాడు. నీళ్లు చూసే మనిషిని పిలిపించాడు. ఆయన అరచేతిలో టెంకాయ పెట్టుకొని చేనంతా తిరిగాడు. తూర్పు గట్టు దగ్గర టెంకాయ లేచి నిలబడింది. అక్కడ సున్నంతో గుర్తు వేశారు. కోడలు, బోరు బండి వచ్చే ముందు పాస్టరుగారి చేత ప్రార్థన చేయిద్దామంది. కొడుకు సరేనన్నాడు. ఆ ఇద్దరూ దేవుడి విషయంలో ఒక్కమాట మీదికి రావడం నేను అదే మొదటిసారి చూడడం.

నేను వద్దన్నాను. చేను నా పేరున ఉంది కాబట్టి నా మాట దాటడానికి లేదు.

"టెంకాయ నిలబడింది కదా మా!" అన్నాడు కొడుకు.

"పోయినసారీ నిలబడింది. అంతకు ముందూ నిలబడింది. దుమ్ము తప్ప ఏమొచ్చింది? టెంకాయ ఏమన్నా కిందికి దిగి చూసొచ్చిందా?"

"అయితే చెట్లు సచ్చిపోతాంటే చూస్తా కూసుందామా?"

"కూసోవద్దు. కొమ్మలు కొట్టేద్దాం."

ఇది కొత్త సంగతి కాదు, చీనీ రైతు ప్రతి ఒక్కడికీ తెలుసు. నీళ్లు చాలనప్పుడు కొమ్మలన్నీ నరికి మోడు మిగిలిస్తే, ఆ ఉన్న కొంచెం నీళ్లతో వేరు బతుకుతుంది. కానీ పిందె మీదున్న పచ్చని చెట్టును నరకడానికి చెయ్యి రాదు. రేపు వాన వస్తుంది, ఎల్లుండి బోరు పడుతుంది అని చూసి చూసి, చెట్టు వేరుతో సహా పోయాక గొడ్డలి తీస్తారు. మా పక్క ఎన్ని తోటలు అట్లా పోయాయో.

"నాయన నాటిన చెట్లు అవి, మా," అన్నాడు కొడుకు.

కోడలు మెల్లగా, "అత్తా, మీ ఆయప్పను అడిగినారా?" అంది.

"ల్యా. పొద్దున అడుగుతా."

"ఆయన ఏమంటాడో మాకెట్లా తెలిసేది?"

"నాకే తెల్దు, నీకెట్లా తెలుస్తాదిమే?"

పొద్దున పోయాను. ఆ రోజు పలకరింపు కూడా సరిగా రాలేదు. పెనిమిటి నాటిన మొదటి చెట్టు మొదలు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. వాన అడగలేదు. నేను ఎన్నడూ మొక్కుకోలేదు. నువ్వు ఇది ఇస్తే నేను అది ఇస్తానని బేరం పెట్టడానికి ఆయనేమీ సంతలో కూర్చోలేదు. "నరకాల్సిందే అప్పా. దెబ్బ పక్కకు పోకుండా సూడు. నేను చేసేది తప్పయితే ఇప్పుడే ఆపు," అన్నాను. కాసేపు ఉన్నాను. ఏ గుర్తూ రాలేదు. పక్షి కూడా అరవలేదు. కానీ లోపల, కుండలో మడ్డి దిగి నీళ్లు తేరుకున్నట్టు అయింది. నాకు తెలిసిన జవాబు అదొక్కటే. అంతకు మించి నాకు ఎప్పుడూ రాలేదు, నేను అడగనూలేదు.

గొడ్డలి తీసుకొని ఆ చెట్టు మొదటి కొమ్మ మీద వేశాను. రెండో దెబ్బకే వెనక నుంచి కొడుకు వచ్చి గుంజుకున్నాడు.

"తప్పుకో మా. కాలు నరుక్కుంటే ఆసుపత్రికి నేనే తిప్పాల."

ఆ తర్వాత వాడే నరికాడు. ఒక్కో చెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగి మరీ నరికాడు. కోడలు ఆకు రెమ్మలు మేకలకు ఏరింది. కట్టెలు నేను మోపులు కట్టాను, ఒక్క పుల్ల కూడా చేన్లో వదలలేదు. మోడులకు ఎండ దెబ్బ తగలకుండా సున్నం పూశాము. పాదుల్లో వేరుశనగ పొట్టు మందంగా పరిచి, మోటరు పోసే ఆ సన్నటి ధారను వంతులవారీగా తిప్పాము.

పక్క చేనాయన గట్టు మీద నిలబడి చూశాడు.

"ఏమ్మా, తోటంతటికీ గుండు కొట్టిచ్చినావే! ఏ దేవునికి మొక్కుకున్యావు?"

"మొక్కుబడి గుండు కాదప్పా. పేనుపడితే కొట్టిచ్చే గుండు. నీ తోటకూ పట్టినట్టుండాది, చూసుకో."

ఆయన నవ్వి పోయాడు. నేను నవ్వలేదు. తెల్లగా సున్నం పూసిన ఆ మోడుల మధ్యనే తిరిగేదాన్ని. రోజూ గోరుతో బెరడు కొంచెం గీకి పచ్చదనం ఉందా లేదా అని చూసేదాన్ని. కొన్నిటికి ఉంది. కొన్నిటికి గోధుమరంగు తేలింది. ఆ దినాల్లో కొన్ని పొద్దులు నేను ఆయప్పను పలకరించలేదు. అలిగాను. అలిగినా ఆయన చేన్లోనే ఉన్నాడని తెలుసు కాబట్టి అలగడానికి ధైర్యం వచ్చింది.

చిగురును మొదట చూసింది కోడలు. వాన ఇంకా పడలేదు. "అత్తా! అత్తా, ఈడికి రాండి!" అని ఆమె కేక వేస్తే పాము అనుకొని కట్టె తీసుకొని పరుగెత్తాను. సున్నం పగిలి, ఆవగింజంత పచ్చ. వేలు పెట్టబోతే ఆమె నా చెయ్యి పట్టుకొని ఆపింది. ఆ చెయ్యి చాలాసేపు వదల్లేదు.

సాయంత్రం రొట్టెలు తింటూ కొడుకు చెప్పాడు, నాకు తెలియకుండా మహానందికి పోయి టెంకాయ కొట్టి వచ్చాడట. కోడలు కూడా బయటపెట్టింది, చర్చిలో అందరి చేతా ప్రార్థన చేయించిందట. ఎవరి దేవుడు చిగురు పెట్టించాడో తేల్చమన్నట్టు ఇద్దరూ నా మొహం చూశారు.

"అందరికీ వాటా ఉండాదిలే," అన్నాను. "పొట్టు సరిగా పరిచిన చెట్టే ముందు చిగురేసింది. మిగతావాటికి పొద్దున పరుచుదురు గాని. రొట్టె ముక్క వదిలిపెట్టొద్దండి."

తర్వాత వానలు పడ్డాయి. మొదటి వాన రోజు చేన్లో నిలబడి, "ఇప్పుడా అప్పా వచ్చేది?" అని నాలుగు మాటలు అన్నాను, తడుస్తూనే. ఇప్పుడు చెట్లు నా నడుమెత్తు గుబురు కట్టాయి. కాపు రావడానికి ఇంకా కాలం పడుతుంది. అంతవరకు సందుల్లో అలసందలు వేసుకున్నాం. తూర్పు గట్టు దగ్గర సున్నం గుర్తు వానకు కొట్టుకుపోయింది. బోరు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

కొన్ని చెట్లు మాత్రం లేవలేదు. నేను మొదటి దెబ్బ వేసిన చెట్టు అందులో ఒకటి. దాన్ని పీకించలేదు. పొద్దున పలకరింపు అయ్యాక దాని దగ్గర కాసేపు ఎక్కువ నిలబడతాను. ఎందుకు ఎండించావని అడగను. "ఇది మా ఆయన బిందెతో నీళ్లు పోసిన చెట్టు, నీకు తెల్సు కదప్పా," అంటాను. తెలుసనే నా నమ్మకం. ఆ మోడుకు అలసంద తీగ ఒకటి చుట్టుకొని పైకి పోతోంది. నడుము వంచకుండానే కాయలు చేతికి అందుతాయి. కూరకు సరిపడా కోసి కొంగున వేసుకొని, చెప్పులు తొడుక్కొని ఇంటికి వస్తాను.