ఆక్సా బ్లేడుతో పెట్టిన గ్యాపు

మేడ్చల్‌లో ఎవరినడిగినా నన్ను మంచి మెకానిక్ అంటారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా అక్కణ్ణుంచి తప్పుకుంటాను. ఏళ్లుగా ఒక తప్పును మోస్తున్నాను. నా భార్యకు చెప్పలేదు. చర్చిలో మోకాళ్ల మీద కూర్చుని కూడా చెప్పలేదు. దేవుడికి తెలుసు గదా, మళ్లీ నేను చెప్పడమెందుకని తప్పించుకున్నాను. ఎంత తెలివి నాది! మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. శామీర్‌పేట వైపు ప్లాట్లు అమ్మి బాగుపడ్డ ఒకాయన టర్బో పెట్రోల్ కారు కొన్నాడు. టర్బో అంటే ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా కుక్కే పరికరం. కంపెనీ ఇచ్చిన స్పీడు ఆయనకు చాల్లేదు. సిటీలో ఎవరిచేతో ఆ గాలి ఒత్తిడి ఇంకా పెంచించాడు. దాంతో ప్లగ్గులకు కరెంటు పంపే పాత కాయిళ్ల నిప్పు సరిపోక బండి దగ్గడం మొదలుపెట్టింది. బలమైన కొత్త కాయిళ్లు, ప్లగ్గులు తెప్పించి బండిని నా షెడ్డుకు తెచ్చాడు. అలాంటి కారు నా షెడ్డులోకి రావడం అదే మొదలు. గర్వంతో నాకు ఒళ్లు తెలియలేదు.

ప్లగ్గు కొసన నిప్పురవ్వ దూకే సందును మేం గ్యాపు అంటాం. గాలి ఒత్తిడి పెరిగితే ఆ సందు తగ్గించాలి, లేకపోతే రవ్వ దూకలేక ఆరిపోతుంది. కాయిళ్లు అమ్మినవాడు ఈ మాట చెప్పి మరీ పంపాడు. నేను విన్నానా? పాత జీపులు, వ్యాన్లు బాగుచేసిన చేతులు మావి. ఇనుము కోసే ఆక్సా బ్లేడును సందులో దూర్చి చూస్తాం. కాస్త బిగువుగా ఆడితే గ్యాపు సరిపోయినట్టే. నేను అంతటితో ఆగలేదు. కాయిళ్లు బలమైనవి, రవ్వ ఎంత పెద్దదైతే బండి అంత లాగుతుందని సందు మరికాస్త తెరిచాను. కొలిచే గేజు నా పెట్టెలోనే ఉంది. తీయలేదు.

కాలనీ రోడ్డు మీద నడిపి చూశాను. మెత్తగా పోయింది. గట్టిగా తొక్కినప్పుడు మాత్రం ఒక చిన్న ఝట్కా. కొత్త సామాను, సర్దుకుంటుందిలే అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా? మా షెడ్లలో ఒక కట్టుబాటు ఉంది. ఇంజన్ మీద చెయ్యి పెట్టినవాడే మొదటిసారి పెద్దరోడ్డు మీద నడపాలి. ఆ రోజు నేను నడపలేదు. చేతికి గ్రీజుందని సాకు చెప్పి, ఆ కారు డ్రైవరు ఆంజయ్యకు తాళం ఇచ్చేశాను. ఆంజయ్య నా స్నేహితుడు. భయపడే ఇచ్చానా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను, జవాబు తెలిసి కూడా.

ఆంజయ్య వాళ్లన్న నర్సింలు కుత్బుల్లాపూర్‌లో ఆటో నడిపేవాడు. తమ్ముడు నడిపే కారులో ఒక్కసారి తిరిగొద్దామని సరదాపడి పక్కన కూర్చున్నాడు. శామీర్‌పేట రోడ్డు మీద ఇసుక లారీని దాటుతుండగా బండి చచ్చుబడింది. ఎదురుగా బస్సు. నలిగిపోకుండా ఆంజయ్య కారును కుడివైపు కిందికి దించాడు. కారు గిర్రున తిరిగి, నర్సింలు కూర్చున్న వైపు కల్వర్టు గోడకు కొట్టుకుంది. అతని కాలు తీసేశారు.

నుజ్జయిన కారును నా షెడ్డుకే లాక్కొచ్చారు. నేను ఏం చేశానో తెలుసా? ఎవరూ చూడకముందే ప్లగ్గులు విప్పాను. అప్పుడు తీశాను గేజు. సందు సరిచేసి మళ్లీ బిగించాను. కారాయన పంపిన మనిషి వచ్చి చూస్తే అంతా సక్రమంగా ఉంది.

ఆసుపత్రి నుంచి ఆంజయ్య నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

“భయ్, నువ్వన్న జెప్పు జర. లారీ పక్కకు రాంగనే బండి దమ్ము ఇడ్సింది. నేను తొక్కుతనే ఉన్న. మా అన్న నమ్ముతలేడు.”

“బండి మంచిగనే ఉంది రా. ప్లగ్గులు గూడ ఇప్పి సూసిన. పరేషాన్ల రేస్ మీదికెల్లి నీ కాలే జారింది గావొచ్చు.”

“జారిందంటవా?”

“జారిందే.”

వాడు చాలాసేపు తన కాలి వంక చూసుకున్నాడు. “అయితే అట్లనే అయ్యుంటది” అన్నాడు. ఊరంతా అన్నా నమ్మనివాడు నేనన్నానని నమ్మాడు. నా మీద వాడికున్న గురి అలాంటిది. థూ, నా బతుకు!

నర్సింలు ఆటో అమ్మేశాడు. తన కాలు తీసినవాడు గడప తొక్కొద్దని తమ్ముణ్ణి వెళ్లగొట్టాడు. ఆంజయ్య మళ్లీ స్టీరింగ్ పట్టలేదు. అత్వెల్లి దగ్గర ఒక గోదాముకు కాపలా ఉంటున్నాడు. నేను మాత్రం షెడ్డు పెద్దది చేశాను. ఎన్నోసార్లు వాడి గోదాము దాకా వెళ్లి, చాయ్ తాగి, ఏమీ చెప్పకుండానే వచ్చాను. చెబితే వాడికి అన్న దొరికేవాడు. నాకు పేరు పోయేది. రెండింట్లో ఏది బరువో తూచుకుని, ప్రతిసారీ నా పేరే మిగుల్చుకున్నాను.

మొన్న నర్సింలు పోయాడు. తమ్ముణ్ణి కడచూపుకు కూడా రానివ్వొద్దని ముందే చెప్పి పోయాడట. పాడె మోయడానికి మనుషులు తక్కువైతే నేను భుజం పట్టాను. దారిలో, ఆటో స్టాండు పక్కన, ఆంజయ్య దూరంగా నిలబడి చేతులు జోడించాడు. అంతా అయ్యాక నా దగ్గరికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

“నా జాగల నువ్వన్న మోసినవ్ భయ్. గంతే సాలు నాకు.”

చేతులు వదిలించుకుని వచ్చేశాను.

ఇప్పుడు చెప్పి ఏం లాభం? వినాల్సినవాడు మట్టిలో కలిశాడు. మీరు క్షమించొద్దు, క్షమించడానికి మీరెవరు గనక? ఒక్క మాట మాత్రం పూర్తిగా రాయనివ్వండి, ఇంతవరకూ ఎక్కడా అనలేదు, రాస్తుంటే గుండెల మీది బండ కొంచెం కదిలినట్టుంది. గ్యాపు తప్పు పెట్టింది నేను. ఆంజయ్య కాలు జారలేదు.