తలకిందులుగా నాటిన దానిమ్మ

బోరు ఎండిపోయిన ఏడాది మా తోటలో దానిమ్మ చెట్లన్నీ చచ్చాయి. నాయన మొట్టమొదట నాటిన చెట్టుకు మాత్రం ఒక కొమ్మ పచ్చగా మిగిలింది. దాని ముక్కలకు వేర్లు రాకపోతే ఆ కాయ రుచి మా ఇంట్లో ఇక లేనట్టే.

అనంతపురం వెళ్లి, ముక్కలకు వేర్లు పుట్టించే పొడి తెచ్చాను. కొమ్మ చివుళ్లలో పుట్టే హార్మోను కిందికి దిగి, కోసిన చోట చేరితే వేర్లు పుడతాయి. ఆ పొడి దానికి తోడు. ఇదంతా చెబితే నాయన నవ్వాడు.

"ఏ పొడీ లేకనే నాటినాం, రాలేదా? సరే, నువ్వు కోసియ్యి పాపా. నాటేది నేను."

పుస్తకంలో చదివినట్టు, నీళ్లు నిలవకుండా పైకొసను ఏటవాలుగా, కిందికొసను సమంగా కోశాను. పన్నెండు ముక్కలు ఆయన చేతికిచ్చి వంటకు పోయాను. వచ్చేసరికి అన్నీ నాటి, ప్లాస్టిక్ కవరు కప్పేశాడు. అంత అనుభవం ఉన్న మనిషి పనిని తనిఖీ చేయడమేమిటని నేను తొంగి కూడా చూడలేదు.

కవరు నిండా ఆవిరి పట్టి లోపల ఏమీ కనిపించేది కాదు. ఐదు వారాలకు తీసి చూసి కొయ్యబారిపోయాను. సమంగా కోసిన కొసలు పైకి ఉన్నాయి, తెల్లటి వేర్లు వాటికి గాల్లో వేలాడుతున్నాయి. తిరగేసి నాటినా కొమ్మ తన కిందికొస ఏదో మరిచిపోలేదు. హార్మోను పాత దారినే పోయింది. తర్వాత సరిగా నాటితే మూడు బతికాయి, ఆ సంగతి వేరు.

అప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండింది.

"ఏం నాయనా, అన్నీ తలకిందులుగా నాటినావే?"

"ఏటవాలుగా ఉండేది కిందికి కదా పాపా. నేనెప్పుడూ అట్లే కోస్తా. బొటనవేలితో తడిమి నాటినా."

"తడిమేదెందుకు? మొగ్గలు యా పక్కకు ఉండాయో కనపడలేదా?"

ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"కనపడక యాడాది అయితాంది."

ఏడాదిగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. రోజూ అన్నం నేనే వడ్డిస్తున్నాను. ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

"నాకెందుకు చెప్పలేదు నాయనా?"

"చెప్తే తోటకు పోనిస్తావా?"

పోనిచ్చేదాన్ని కాదు.