చీరల కొట్టు సంచిలో బాబాయి యూరిన్ బ్యాగు

మల్కాజ్‌గిరి నుంచి సికింద్రాబాద్‌కు లోకల్ రైల్లో పది నిమిషాలు, దాని గురించి రాయడానికేముంది అనుకోకండి. యూరిన్ పైపు ఉన్న మనిషిని తీసుకెళ్లేవాళ్లు తెలుసుకోవాల్సింది ఉంది. నన్ను పెంచి పెద్దచేసిన బాబాయికి ప్రోస్టేట్ ఆపరేషన్ అయ్యేదాకా పైపు ఉండాలన్నారు. దాన్ని మార్చాల్సిన తేదీ దాటి పన్నెండు రోజులైంది. మూత్రం బాగానే వస్తోంది కదా అని నేనే వాయిదా వేశాను. అసలు సంగతేమిటంటే, పైపు చివర వేలాడే ఆ మూత్రం బ్యాగుతో జనంలోకి వెళ్లడం నాకు నామోషీ. ఆయనకు చలిజ్వరం వచ్చాక గానీ కదల్లేదు.

ఆటో గతుకులకు పైపు లాగుతుంది, రైలే నయమన్నారు బాబాయి. తొమ్మిదింటికి ఎక్కాం, టికెట్ ఐదు రూపాయలు. బ్యాగును చీరల కొట్టు సంచిలో దాచి, ఆయన పక్కనే కూర్చుని సంచిని నా భుజానికి తగిలించుకున్నాను.

"సంచి కింద పెట్టరా, పొత్తికడుపులో బరువుగా ఉంది" అన్నారు.

"మెల్లగా బాబాయ్, నలుగురూ వింటారు" అని కసిరాను. ఎదుటి సీటావిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

సికింద్రాబాద్ స్టేషన్ బోయిగూడ వైపు గేటు నుంచి ఆసుపత్రికి ఆటో ఎనభై. "తాతకు తక్లీఫ్ ఉన్నట్టుంది, జెర మెల్లగ పోనిస్త" అన్నాడు డ్రైవరు. అడక్కుండానే అన్నాడు.

ఆసుపత్రిలో నర్సమ్మ నన్ను చూడగానే ఆగిపోయింది. "ఏంది సార్, గిట్ల భుజానికేస్కొచ్చిండ్రు? సంచి పైనుంటే మూత్రం ఎన్కకు పోతది, పురుగులు సుత పోతయి." తీసిన పైపును ట్రేలో చూపించింది. చివర తెల్లటి జిగట పొర. "నీళ్ల ట్యాంకుల పాచి లెక్క ఇది. మందులేస్తే పైవి చస్తయి, పాచి కిందవి బతుకుతయి. పైపు మార్చుడే." తర్వాత కార్డు మీద పైపు మార్చాల్సిన తేదీ చూసి, చేతి తొడుగులు మార్చుకుంది. రెండు తిట్టినా బాగుండేది.

కొత్త పైపు వేసి, ఇంజెక్షన్ ఇచ్చి రెండింటి దాకా ఉంచారు. ఇంకో రెండు రోజులు ఆగితే ప్రాణం మీదికి వచ్చేదన్నారు డాక్టరు. బయల్దేరేటప్పుడు బాబాయి ఆ చీరల సంచిని నా వైపు చాపారు. "దీన్లో పెట్టరా, నీకు నామోషీ కదా."

అంటే ఇన్నాళ్లూ ఆయనకు తెలుసు. సంచి మడిచి జేబులో పెట్టుకున్నాను. బ్యాగును ఆయన మోకాలి పక్కన పట్టుకుని రైలెక్కాను. ఎవరూ రెండోసారి చూడలేదు. ఎవరూ చూడనిదాని కోసం ఆయన్ని జ్వరంలో పడేశాను.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. బ్యాగు ఎప్పుడూ నడుము కన్నా కిందే ఉండాలి, నేలకు మాత్రం తగలకూడదు. దాన్ని కప్పాలా వద్దా అన్నది ఆ మనిషినే అడగండి. పన్నెండు రోజుల్లో నేను ఒక్కసారీ అడగలేదు.